హాజరు, చదువు, బడి కబుర్లు: మా పిలకాయల ఇళ్ళవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవన్నీ బడి గేటు దగ్గర, తరగతి వాట్సాప్ గ్రూపుల్లో, మీటింగుల్లో మీరు అడిగిన ప్రశ్నలే. ఒకరికి చెప్పిన జవాబే మరుసటి వారం ఇంకొకరికి చెప్పాల్సి వస్తోందని ఒకచోట రాసిపెట్టాం. మాది తిరుపతి చివర, చంద్రగిరి వైపు ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులున్నాయి. మొదటి నుంచీ చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి.

## చేర్పించేటప్పుడు

మా పాపకి బర్త్ సర్టిఫికెట్ లేదు. చేర్చుకుంటారా?

చేర్చుకుంటాం. వయసు రుజువు లేదని ఏ బిడ్డనూ వెనక్కి పంపకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆస్పత్రి రికార్డు గానీ అంగన్‌వాడీ రికార్డు గానీ తెండి. అవీ లేకపోతే వయసు ఇంత అని అమ్మో నాన్నో రాసిచ్చినా చాలు. అయితే సర్టిఫికెట్ తీసుకునే పని మాత్రం వాయిదా వేయకండి. ఆధార్‌లో ఒక పుట్టినతేదీ, బడి రిజిస్టర్‌లో ఇంకో తేదీ ఉంటే పదో తరగతి పరీక్షల నాటికి అది పెద్ద తలనొప్పి అవుతుంది. పేరు స్పెల్లింగు, ఇనిషియల్ కూడా చేర్పించిన రోజే సరిచూసుకోండి. ఆ రోజు అయిదు నిమిషాల్లో అయ్యే పనికి తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాలి.

బెంగళూరులో పని మానేసి ఏడాది మధ్యలో వచ్చేశాం. టీసీ కూడా లేదు. ఇప్పుడెలా?

ముందు బిడ్డను బడికి తీసుకురండి. టీసీ తర్వాత చూద్దాం. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. పాత బడిలో ఫీజు బాకీ ఉండి టీసీ ఇవ్వకపోయినా ఇదే వర్తిస్తుంది. ఏ తరగతి అన్నది వయసును బట్టి ఉంటుంది. తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి తెలుగు రాదని ఒకటో తరగతిలో కూర్చోబెట్టం. కన్నడ అక్షరాలు నేర్చుకుని వచ్చిన పిల్లలకు తెలుగు లిపి త్వరగానే పట్టుబడుతుంది, రెండూ దగ్గరి లిపులే. కొన్నాళ్ళు విడిగా కూర్చోబెట్టి నేర్పుతాం. ఇంట్లో మాత్రం “నీకు తెలుగు రాదు, ఎలా నెగ్గుకొస్తావో” అని వాడి ముందే అనకండి.

చేర్పించడానికి ఎంత కట్టాలి?

ఏమీ కట్టక్కర్లేదు. పుస్తకాలు, యూనిఫాం గుడ్డ, బ్యాగు, బూట్లు, బెల్టు ప్రభుత్వమే సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్ కింద ఇస్తుంది. బూట్ల సైజు సరిపోకపోతే ఇచ్చిన వారంలోనే చెప్పండి, పిల్లల మధ్య మార్చి సర్దుతాం. దీపావళి తర్వాత చెబితే మా దగ్గర మిగిలినవి ఉండవు.

మేం ఇంట్లో అరవం మాట్లాడతాం. పాపకి కష్టమవుతుందా?

మొదటి రెండు మూడు నెలలు తక్కువ మాట్లాడుతుంది, అంతే. చిత్తూరు, నగరి, కుప్పం వైపు తమిళం, కన్నడం, తెలుగు కలిసి వినబడే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. మాకిది కొత్త కాదు. ఇంటి భాష మానెయ్యాల్సిన పని లేదు. అవ్వ తమిళంలో చెప్పిన కథను బడిలో తెలుగులో చెప్పమంటే పాప చెబుతుంది. ఒక భాషలో మాటలు బాగా వచ్చిన బిడ్డకు రెండో భాష తేలికవుతుంది. మీ ఇంటి భాష ఏదో చేర్పించేటప్పుడే చెప్పండి. పలకని బిడ్డను చదువు రాని బిడ్డ అనుకునే ప్రమాదం తప్పుతుంది.

## హాజరు, సెలవులు

75 శాతం ఉంటే చాలు కదా, ఎందుకు రోజూ ఫోన్ చేస్తారు?

75 శాతం అన్నది, పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు కోసం పెట్టిన హద్దు. చదువు రావడానికి సరిపోయే కొలత కాదది. లెక్క వేసి చూడండి. ప్రాథమిక తరగతులకు చట్టం చెప్పే కనీస పనిదినాలు 200. అందులో 75 శాతం అంటే 150. అంటే 50 రోజులు మానినా నిబంధనకు సరిపోతుంది. వారానికి ఆరు రోజుల బడి కదా, 50 రోజులంటే ఎనిమిది వారాలు దాటింది. రెండు నెలల చదువు పోయాక పథకం డబ్బు రావచ్చు గానీ, ఒత్తులు ఎవరు నేర్పుతారు?

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఒకేసారి పది రోజులు మానిన బిడ్డ కంటే, వారానికో రోజు మానే బిడ్డే ఎక్కువ వెనకబడుతుంది. పది రోజులు రాని పిల్లవాడు మా కళ్ళలో పడతాడు. వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని జరిగిన పాఠం మళ్ళీ చెబుతాం. ఒక్క సోమవారం మానిన పిల్లవాడు మంగళవారం మామూలుగా వచ్చి కూర్చుంటాడు. సోమవారం ‘కి’కీ ‘కీ’కీ తేడా చెప్పామని వాడికి తెలియదు, వాడికి తెలియదని మాకూ వెంటనే తెలియదు. ఇలాంటి చిన్న కంతలు ఏడాదిలో ముప్ఫై అయితే, మూడో తరగతిలో ఆ బిడ్డ పేరా చదవలేకపోతున్నాడని అప్పుడు కంగారు పడతాం. ఫోన్ చేసేది మందలించడానికి కాదు, ఏ రోజు పాఠం పోయిందో రాసుకోవడానికి.

పది నిమిషాలు లేటైతే ఆబ్సెంట్ వేస్తారా?

వెయ్యం. హాజరు ఉదయమే యాప్‌లో ఎక్కించాలి కాబట్టి ఆలస్యమయ్యేటట్టుంటే ఒక మెసేజ్ పెట్టండి. అయితే రోజూ అదే పది నిమిషాలైతే ప్రార్థన, ఆ వెనకే చేయించే చదివే సాధన రెండూ పోతాయి. ఆలస్యమైందని సిగ్గుపడి బిడ్డను ఇంటికి తిప్పి తీసుకుపోకండి. ఏ టైముకు వచ్చినా లోపలికి పంపండి.

చుట్టాలు దర్శనానికి వచ్చారు, పిల్లలు కూడా కొండకి పోతామంటున్నారు. ఒక్క రోజే కదా?

తిరుపతిలో ఉన్నవాళ్ళకు చుట్టాలు ఏడాది పొడుగునా వస్తారు. అదే మా బాధ! ఒక్కో కుటుంబానికి ఒక్కో రోజు అనుకున్నా బిడ్డకు నెలకో సెలవు తేలుతుంది. చుట్టాలతో పెద్దలు వెళ్ళండి, పిల్లలకు ఆదివారమో పండగ సెలవో చూడండి. ప్రతి నెలా మొదటి మంగళవారం తిరుపతి స్థానికులకిచ్చే దర్శనానికి ఇంటిల్లిపాదీ వెళ్ళాలనిపించడం సహజం. ఎప్పుడో ఒకసారి వెళ్తే ఎవరూ కాదనరు. నెల నెలా ఆ మంగళవారం సగం బెంచీలు ఖాళీ అయితే మాత్రం పాఠం ముందుకు సాగదు.

తిరుమలలో పాపకి గుండు కొట్టించాం. పిల్లలు నవ్వుతారని బడికి పోనంటోంది. వెంట్రుకలు వచ్చేదాకా ఆగమంటారా?

అన్నాళ్ళు ఆగితే ఏడాది అయిపోతుంది. మొదటి రోజు మీరే తరగతి దాకా తీసుకొచ్చి టీచరుకు అప్పజెప్పండి. టోపీ పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి. మన ఊళ్ళో గుండు లేని తరగతి ఎప్పుడూ ఉండదు. “మీలో ఎంతమంది గుండు కొట్టించుకున్నారు?” అని అడిగితే చేతులన్నీ లేస్తాయి. నవ్వు రెండో రోజుకు ఉండదు. ఎవరైనా పనిగట్టుకుని ఏడిపిస్తుంటే పేరు చెప్పండి, వాళ్ళతో మేం మాట్లాడతాం.

ఆడికృత్తికకి కావడి ఎత్తుకుని తిరుత్తణి పోతాం. సెలవు ఇస్తారా?

మొక్కు ఉన్న ఇళ్ళకు తప్పదని తెలుసు, ముందుగా చెప్పి వెళ్ళండి. ప్రయాణం రోజు, కావడి రోజు సరే. తిరిగొచ్చాక అలసట పేరుతో ఇంకో నాలుగు రోజులు కలుపుకోవద్దు. ఊళ్ళో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగే రోజుల్లోనూ ఇదే తంతు. రాత్రంతా నాటకం చూసి పొద్దున పిల్లలు బెంచీ మీదే నిద్రపోతారు. దుర్యోధన వధ నాడు చూపించండి, ఎవరూ వద్దనరు. మిగతా రాత్రులు త్వరగా పడుకోబెట్టండి.

మామిడికాయల కాలంలో తోటలోనే కాపురం. జూన్‌లో బడి తెరవగానే పంపలేం. ఏం చెయ్యాలి?

ఇది నిజంగా కష్టమైన సమస్య. బడి జూన్ 12న తెరుస్తారు, తోతాపురి కోతలు సరిగ్గా జూన్, జూలైల్లోనే. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు కాయ వెళ్ళేదీ అప్పుడే. కూలి వదులుకోమని చెప్పలేం. మేం చూసినంతలో మూడు దారులు పనిచేశాయి. అవ్వాతాతల దగ్గరో మేనమామ ఇంట్లోనో బిడ్డను ఉంచితే అన్నిటికన్నా మంచిది. అది కుదరకపోతే తోటకు దగ్గర్లోని ప్రభుత్వ బడికి ఆ నెలన్నర పంపండి, అక్కడి హెడ్‌మాస్టరుతో మేం ఫోన్లో మాట్లాడతాం. రెండూ కుదరకపోతే పుస్తకాలు ముందే తీసుకెళ్ళండి. వారానికొకసారి ఫోన్లో బిడ్డతో ఒక పేజీ చదివిస్తాం. చెప్పకుండా వెళ్ళిపోతే మాత్రం బడి మానేసిన పిల్లల జాబితాలో పేరు చేరుతుంది, దాన్ని సరిచెయ్యడానికి మళ్ళీ తిరగాల్సి వస్తుంది. కోతలకు బిడ్డను పనిలో పెట్టడం వేరే సంగతి. పద్నాలుగేళ్ళలోపు వాళ్ళను కూలికి పెట్టడం నేరం.

జ్వరం తగ్గింది, పంపొచ్చా? ఆటలమ్మ పోస్తే ఎన్నాళ్ళు ఆగాలి?

మాత్ర వెయ్యకుండానే ఒక రోజంతా జ్వరం రాకపోతే పంపండి. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా ఇంట్లోనే ఉంచాలి, సాధారణంగా వారం పడుతుంది. వేపాకు, తలంటు మీ ఇంటి ఆనవాయితీ ప్రకారం చేసుకోండి. డాక్టరుకు చూపించడం మాత్రం మానొద్దు. గవదబిళ్ళలకు వాపు మొదలయ్యాక అయిదు రోజులు ఆగండి. కళ్ళకలక ఒక్కడికి వస్తే మూడు రోజుల్లో తరగతంతా ఎర్రకళ్ళే, దయచేసి దాచిపెట్టకండి. ఇలాంటి సెలవులకు మా నుంచి ఏ మాటా రాదు.

వాడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు నాటు కట్టు కట్టించాం. కట్టు విప్పేదాకా బడి మానాలా?

అక్కర్లేదు. నొప్పి తగ్గి కూర్చోగలిగితే పంపండి. రాసే చెయ్యి అయితే రాయించం, నోటితోనే జవాబులు చెప్పిస్తాం. ఆటల పీరియడ్‌లో పక్కన కూర్చోబెడతాం. కట్టు ఎక్కడ కట్టించినా ముందు ఎక్స్‌రే తీయించండి. వేళ్ళు నీలం తిరిగినా, తిమ్మిరెక్కినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

వాన పడుతోంది, ఈరోజు బడి ఉందా?

సెలవు ఇచ్చేది జిల్లా కలెక్టరు. ఆ కబురు రాగానే తరగతి గ్రూపులో హెడ్‌మాస్టరు నంబరు నుంచి మెసేజ్ వస్తుంది. అది రాకపోతే బడి ఉన్నట్టే. నవంబరు, డిసెంబరుల్లో మనకు ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి, 2021 నవంబరులో ఊరు మునిగిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అప్పటి సెలవు ప్రకటన క్లిప్పింగులు ఇప్పటికీ ఏటా తిరుగుతుంటాయి! తేదీ చూడకుండా ఫార్వర్డ్ చెయ్యకండి. సెలవు ప్రకటించకపోయినా మీ వీధిలో వంక పొంగితే బిడ్డను పంపొద్దు. అది మీకే తెలుస్తుంది, మాకు తెలియదు.

## చదువు

రెండో తరగతికి వచ్చాడు, ఇంకా ఒత్తులు చదవలేడు. టెన్షన్‌గా ఉంది.

రెండో తరగతి మొదట్లో అయితే టెన్షన్ అక్కర్లేదు. మూడో తరగతి అయ్యేసరికి పిల్లలందరూ అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న లెక్కలు చెయ్యాలి అన్నది 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం. తరగతిలో మేం చూసేదీ అదే. తెలుగులో అక్షరాలు వచ్చాక గుణింతం ఒక మెట్టు, ఒత్తు ఇంకో మెట్టు. చాలామంది పిల్లలు ఒత్తు దగ్గర కాదు, దానికి ముందు గుణింతం దగ్గరే ఆగిపోయి ఉంటారు. ఇంట్లో పరీక్షించడం తేలిక. ‘మామిడి’, ‘కోడిపిల్ల’, ‘చంద్రగిరి’ అని మూడు మాటలు రాసి చదవమనండి. మొదటిదే తడబడితే గుణింతం పోయినట్టు, రెండోది, మూడోది ఆగితే ఒత్తు.

తర్వాత రోజుకు పది నిమిషాలు చాలు. బస్సు బోర్డులు, కిరాణా కొట్టు పేరు, పాల ప్యాకెట్ మీది అక్షరాలు చదివించండి. తప్పు చదివితే వెంటనే దిద్దకండి, వాక్యం పూర్తి చేయనివ్వండి. మీకు చదువు రాకపోయినా పర్వాలేదు. “ఏం చదివావో నాకు చెప్పు” అని అడిగి వినండి. వినేవాళ్ళుంటే పిల్లలు చదువుతారు.

బడి ఇంగ్లీషు మీడియం కదా. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడాలా?

అక్కర్లేదు. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగు ఉంటుంది. ఇంట్లో తెలుగు పేజీ చదివించి విషయం మాట్లాడండి. విషయం తెలిసిన బిడ్డకు ఇంగ్లీషు పేజీ భయపెట్టదు. రాని ఇంగ్లీషులో మీరు కష్టపడి మాట్లాడటం కంటే, వచ్చిన తెలుగులో నాలుగు మాటలు ఎక్కువ చెప్పడం మంచిదని మా అభిప్రాయం.

ఎక్కాలు గడగడా చెబుతుంది, లెక్క ఇస్తే చెయ్యలేదు. ఎందుకు?

ఎక్కం పాటలా వచ్చేసింది, లెక్కగా రాలేదు. సంతకు తీసుకెళ్ళండి. టమోటా కిలో ఇరవై అయితే మూడు కిలోలెంత, వందిస్తే చిల్లరెంత రావాలి అని పాపనే అడగండి. చెనిక్కాయలు నాలుగేసి కుప్పలు పోయించండి. తప్పు చెబితే వేళ్ళ మీద లెక్కపెట్టుకోనివ్వండి, వేళ్ళు వాడటం తప్పు కాదు.

ట్యూషన్ పెట్టించాలా?

ప్రాథమిక తరగతులకు అవసరం లేదనే మేం అంటాం. సాయంత్రం బిడ్డ ఆడుకోవాలి. ఇంట్లో పెద్దలెవరూ ఉండరు, ఒంటరిగా ఉంటుందని పెడుతుంటే అది వేరు.

కొట్టినా పర్వాలేదు సార్, చదువొస్తే చాలు.

ఇది ప్రశ్న కాదు గానీ ప్రతి మీటింగులో ఎవరో ఒకరు అంటారు. కొట్టం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శరీరాన్ని శిక్షించడాన్నీ, మనసుకు బాధ కలిగేలా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. మీరు రాసిచ్చినా ఆ అనుమతి చెల్లదు. చట్టం సంగతి అటుంచితే, కొట్టే మాస్టారి పీరియడ్ ఉన్న రోజే పిల్లలకు కడుపునొప్పి వస్తుంది. మా బడిలో ఎవరైనా చెయ్యి చేసుకున్నారని బిడ్డ చెబితే ఆ రోజే హెడ్‌మాస్టరుకు చెప్పండి. బయట చెప్పాలనుకుంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది.

## భోజనం, ఆరోగ్యం

బడి భోజనం తినడం లేదు. క్యారియర్ పంపొచ్చా?

పంపొచ్చు, కానీ ముందు ఎందుకు తినడం లేదో కనుక్కోండి. కారం ఎక్కువైందా, గుడ్డు వాసన పడటం లేదా, పక్కన కూర్చునే నేస్తం మారిపోయిందా అన్నది చూడాలి. ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని మధ్యాహ్న భోజనం కొలత. డొక్కా సీతమ్మ పేరు మీద నడుస్తున్న ఈ పథకంలో గుడ్డు, చిక్కీ, రాగిజావ కూడా ఉన్నాయి. మీ ఇంట్లో గుడ్డు తినకపోతే చెప్పండి, ఎవరూ బలవంతం చెయ్యరు. రుచి గురించి ఫిర్యాదుంటే ఒక మధ్యాహ్నం వచ్చి పిల్లల పక్కన కూర్చుని తినండి. తల్లులు అలా వచ్చి చెప్పాకే వంటమ్మ సాంబారులో కారం తగ్గించింది.

నులిపురుగుల మాత్ర వేస్తే వాంతులవుతాయంట, నిజమా?

ఫిబ్రవరిలో, ఆగస్టులో వేసే ఆల్బెండజోల్ మాత్ర అది. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు కాస్త వికారం, కడుపునొప్పి రావచ్చు, త్వరగానే తగ్గుతుంది. మాత్ర నమిలి మింగాలి. ఆ రోజు బిడ్డకు ఒంట్లో బాగాలేకపోతే చెప్పండి, తర్వాత ఇంకో రోజు వేస్తారు.

## బడి, ఊరు

మీటింగుకి వస్తే ఏం లాభం? సంతకం పెట్టించుకుని పంపేస్తారు కదా?

అలా జరిగితే అడిగే హక్కు మీకుంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకేరోజు పెట్టిన మెగా పేరెంట్ టీచర్ మీటింగు నుంచి జనం రావడం పెరిగింది గానీ, గుంపులో మీ బిడ్డ గురించి మాట్లాడటం కుదరదు. అందుకే మేం ఒక్కొక్కరికి విడిగా టైము ఇస్తాం. వచ్చేటప్పుడు బిడ్డ నోటుపుస్తకం చూసి రండి. “బాగా చదువుతోందా?” అని కాకుండా “ఏది రావడం లేదు?” అని అడగండి. కూలి పోతుందనుకుంటే సాయంత్రం ఫోన్ చెయ్యండి, అదీ మీటింగే. నాన్నలూ రండి. ముందు వరసలో అమ్మలే కనబడుతున్నారు.

స్కూల్ కమిటీలో ఎవరుండాలి? చదువుకోని వాళ్ళు ఉండొచ్చా?

ఉండొచ్చు. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బాత్రూముల్లో నీళ్ళు వస్తున్నాయా, వంట సరుకులు సరిగా ఉన్నాయా, వచ్చిన డబ్బు దేనికి ఖర్చయింది అన్నది చూడటానికి డిగ్రీ అక్కర్లేదు.

తల్లికి వందనం డబ్బు పడలేదు. బడిలో పేరు ఉంది కదా?

బడి పంపేది పేరు, హాజరు వివరాలు. డబ్బు పడేది తల్లి ఖాతాకు. 2025 జూన్‌లో ఇచ్చినప్పుడు బిడ్డకు 15,000 రూపాయల్లో 13,000 తల్లికి వచ్చాయి, 2,000 బడుల నిర్వహణకు పోయాయి. పడకపోతే ముందుగా మీ బ్యాంకు ఖాతా ఆధార్‌తో లింకయిందో లేదో బ్యాంకులో, ఆ తర్వాత మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో కనుక్కోండి. పేరు తప్పో హాజరు తప్పో అయితే మా దగ్గరికి రండి, రిజిస్టరు తీసి చూపిస్తాం.

శనివారం బ్యాగు లేని రోజు, పుస్తకాల్లేవు కదా, పంపకపోతే ఏం?

బ్యాగు లేదంటే బడి లేదని కాదు. కథలు, బొమ్మలు, ఆటలు, తోటపని ఆ రోజే. బెరుకుగా ఉండే పిల్లలు నోరు విప్పేదీ ఆ రోజే. మీలో పని తెలిసినవాళ్ళు వచ్చి చూపించండి. కలంకారీ వేసే చేతులు శ్రీకాళహస్తి దగ్గర ఉన్నాయని పుస్తకంలో చదవడం వేరు, ఎవరైనా వచ్చి వెదురు కలంతో గీత గీసి చూపిస్తే పిల్లలు కదలరు. గంగమ్మ జాతర వేసవి సెలవుల్లో వస్తుంది కాబట్టి బైరాగి వేషం, తోటి వేషం గురించి చెప్పించడానికి శనివారాలే దిక్కు. వేషం కట్టిన తాతలెవరైనా ఉంటే కబురు చెయ్యండి.

## ఐదో తరగతి అయ్యాక

నవోదయ, సైనిక్ స్కూల్ పరీక్షలు రాయించాలా?

బిడ్డకు ఇష్టం ఉంటే రాయించండి. రెండూ ఐదో తరగతిలో ఉండగా రాసి ఆరులో చేరే పరీక్షలే. నవోదయకు ఒక్కసారే అవకాశం. ఏ జిల్లాలో ఐదు చదువుతున్నారో ఆ జిల్లా నవోదయకే రాయాలి. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు. కలికిరిలో సైనిక్ స్కూల్ ఉంది. సీటు రాకపోతే ఏదో పోయినట్టు ఇంట్లో మాట్లాడకండి, పదేళ్ళ బిడ్డ అది. బయట హాస్టల్లో ఉండగలడా అన్నది మార్కుల కంటే ముందు ఆలోచించండి.

ఆరో తరగతికి హైస్కూలు దూరం. ఆడపిల్ల, మానిపిద్దామనుకుంటున్నాం.

మానిపించే ముందు ఒక్కసారి మాతో మాట్లాడండి. ఆరు నుంచి ఆడపిల్లలకు ఉచిత వసతితో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి, గురుకులాలు ఉన్నాయి. అదే దారిలో వెళ్ళే పిల్లలెవరో చూసి జత చేస్తాం. పద్నాలుగేళ్ళ దాకా చదువు మీ బిడ్డ హక్కు.

టీసీకి ఎప్పుడు రావాలి, ఎంత ఇవ్వాలి?

ఐదో తరగతి పూర్తయ్యాక, ఏప్రిల్ చివర సెలవులు ఇచ్చేలోపు వస్తే మంచిది. డబ్బు ఇవ్వక్కర్లేదు. వచ్చేటప్పుడు బిడ్డ ఆధార్ తెండి, పేరు, పుట్టినతేదీ మా ఎదుటే సరిచూసుకుని తీసుకెళ్ళండి.